వాళ్ళ బాకా, మన కాలికోమ్

మా గోండు గూడేల్లో ఏ వాయిద్యమూ ఊరికే మోగదు. డోలు దరువు మారితే చాలు, పక్క గూడెంలో ఉన్నవాళ్ళకు కూడా తెలిసిపోతుంది అది పెళ్ళా, చావా, పెన్ కార్యమా అని. పర్ధాన్లు కాలికోమ్ ఎత్తి ఊదారంటే పెద్దలు నడుస్తున్న మాటను ఆపేస్తారు. అలాంటి చోట పుట్టి, టీటీసీ చదివి, ఇరవై ఏండ్లుగా ఆశ్రమ పాఠశాలల్లో చిన్న తరగతులకు చదువు చెప్తున్నవాళ్ళం మేము. అందుకే "డెలిగేట్ల కోసం సంగీత కార్యక్రమం" అన్న మాట కాగితం మీద చూడగానే మాకు సంతోషం కలగలేదు, అనుమానం వచ్చింది.

ఆ మాట సంగతి మాకు అటువైపు నుంచి బాగా తెలుసు. ఏజెన్సీకి పెద్దసార్లు వస్తున్నారంటే ముందు అడిగేది గుస్సాడీనే. నెమలి ఈకల టోపీలు దండారీ రోజులవి. దీపావళి ముందర పూజ చేసి తీస్తాం, అయిపోయాక పూజ చేసి దించుతాం. అవన్నీ ఎవరికి కావాలి? మే నెలలో కూడా టోపీ పెట్టుకొని గేటు దగ్గర నిలబడమంటారు. సార్ల కారు రెండు గంటలు ఆలస్యం. పిల్లలు ఎండలో. కారు దిగినాయన ఒక నిమిషం తుడుం మీద చెయ్యి వేసి, ఫొటో దిగి, లోపలికి పోతాడు. మైకులో "ఇప్పుడు గిరిజన నృత్యం" అంటారు. ఏ పాటో చెప్పరు, వాయించేది ఎవరో చెప్పరు. మైకు ముందుకు వేరే కార్యక్రమం వచ్చేస్తుంది.

మాతృభాషలో చదువు గురించి నార్వే దేశంలోని ట్రాండ్‌హైమ్ పట్నంలో ఒక సదస్సు జరిగింది. ఉట్నూరు ఏజెన్సీ నుంచి మేము ఇద్దరం వెళ్ళాం. వేసవి సెలవుల చివరి వారం కావడంతో సెలవు చిక్కు రాలేదు. ప్రయాణం గురించి రాస్తే అదే ఒక పుస్తకమవుతుంది, వదిలేస్తున్నాం. సదస్సులో చెప్పిన సంగతులు కూడా వేరేగా రాయాలి. ఇక్కడ రాస్తున్నది రెండో రోజు సాయంత్రం గురించి. ఆ ఊరి పెద్ద చర్చిలో మా అందరి కోసం పాట, బాకాల కచేరీ పెట్టారు.

ఆ చర్చి పేరు నిదరోస్ కెథడ్రల్. కెథడ్రల్ అంటే బిషప్పు పీఠం ఉండే చర్చి. మన దగ్గర మెదక్ చర్చి చూసినవాళ్ళకు ఇది ఎట్లా ఉంటుందో కొంత ఊహ అందుతుంది. కాకపోతే మెదక్ చర్చిని ప్రతిష్ఠించింది 1924లో. ఈ చర్చి పని మొదలైంది సుమారు 1070లో. 1030లో యుద్ధంలో చనిపోయిన ఓలావ్ అనే రాజును అక్కడివాళ్ళు పుణ్యపురుషుడిగా కొలిచి, ఆయన సమాధి మీద దీన్ని కట్టారు. ఎన్నోసార్లు తగలబడింది. 1869లో తిరిగి కట్టడం మొదలుపెడితే ఆ పని పూర్తయిందని ప్రకటించింది 2001లో. ఒక కట్టడం మీద ఇన్ని తరాలు పని చేశాయంటే మాకు ఆశ్చర్యం వేసింది. మా బడికి వంటగది మంజూరై ఎన్నేండ్లయిందో గుర్తొచ్చి మాలో మేము నవ్వుకున్నాం కూడా.

రాయి బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగు. చేత్తో తాకితే సబ్బులాగా నున్నగా ఉంటుంది. మెత్తటి రాయి కాబట్టి చెక్కడం తేలిక. పడమటి గోడ నిండా బొమ్మలు, నడుమ గుండ్రటి రంగు అద్దాల కిటికీ. జూన్ నెలలో ఆ ఊళ్ళో రాత్రి పదకొండు దాటినా సూర్యుడు పూర్తిగా దిగడు. మేము సాయంత్రం ఏడున్నరకు లోపలికి పోతే ఆ పడమటి కిటికీ నుంచి ఎర్రటి, నీలం వెలుగులు నేల మీద పడుతున్నాయి. ఆ కిటికీ కింద వేల గొట్టాల ఆర్గన్ ఉంది. దాన్ని 1930లో, ఆ రాజు చనిపోయి 900 ఏండ్లయిన సందర్భంలో పెట్టారట.

మొదలయ్యే ముందు జరిగిన ఒక చిన్న విషయం చెప్పాలి. సరిగ్గా టైముకు తలుపులు మూశారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళలో సదస్సు పెద్దల్లో ఒకాయన కూడా ఉన్నారు. ఆయన్ను కూడా బయటే ఆపారు. మొదటి పాట అయ్యాకే తలుపు తీశారు. ఆయనకు కోపం రాలేదు, పిల్లిలాగా వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. పాట ముందు, పెద్దమనిషి వెనక. మేము ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ముందర ఎవరూ కనబడలేదు. వేదిక ఖాళీ. ఉన్నట్టుండి పైనుంచి, ఎడమ పక్క గోడ మీది వసారాలోంచి బాకాలు మోగాయి. అవి ఆగేలోపు కుడి పక్క వసారాలోంచి ఇంకో గుంపు జవాబిచ్చింది. మా తలలు అటూ ఇటూ తిరిగాయి. ఇది పాత పద్ధతి. ఇటలీలోని వెనిస్ పట్నంలో సెయింట్ మార్క్ చర్చిలో ఎదురెదురు వసారాలు ఉంటాయి. అక్కడ పనిచేసిన గాబ్రియేలీ అనే ఆయన ఆ వసారాలను చూసుకొనే బాణీలు కట్టాడు. అవి 1597లో అచ్చయ్యాయి. ఇటు గుంపు, అటు గుంపు, సవాలు, జవాబు. దీన్ని వినడానికి మాకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. పెళ్ళిలో పిల్ల తరఫు ఆడవాళ్ళు ఒక వరుస, పిలగాని తరఫు ఆడవాళ్ళు ఒక వరుస నిలబడి పాట అందుకోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నదే.

బాకా పని చేసే తీరు మీద మాకు ముందు నుంచీ ఆసక్తి. బాకాలో మోగేది గొట్టం కాదు, ముందు పెదవులు. పెదవులు బిగించి ఊదితే అవి వణుకుతాయి, ఆ వణుకును గొట్టం పెద్దది చేస్తుంది. మన కాలికోమ్‌కు వేళ్ళు పెట్టే రంధ్రాలు ఉండవు కదా. పెదవుల బిగువు మారిస్తేనే స్వరం మారుతుంది, అది కూడా కొన్ని స్వరాలే వస్తాయి. పూర్వం వాళ్ళ బాకా కూడా అంతే. మీటలు పెట్టి అన్ని స్వరాలూ పలికించే ఏర్పాటు జర్మనీ వైపు 1818 ప్రాంతంలో వచ్చింది. అంతకు ముందే ట్రాంబోన్ అనే బాకా ఒకటి ఉంది. దాని గొట్టాన్ని ముందుకు వెనక్కు జరపొచ్చు, అందుకే ఏ స్వరమైనా దొరుకుతుంది. మనిషి గొంతుతో సరిగ్గా కలిసిపోతుంది కాబట్టి వందల ఏండ్ల పాటు చర్చి పాటల్లో గాయకుల పక్కన దాన్నే నిలబెట్టారు. అంటే వాళ్ళ బాకా మన బాకాకు పరాయి కాదు, ఒకే ఇంటి పిల్లలు. ఒకరికి చదువు, డబ్బు, కొలిమి పని దొరికాయి.

తర్వాత గాయకులు వచ్చారు. నలభై మంది దాకా ఉంటారు, ఎక్కువమంది మా పాత విద్యార్థుల వయసు పిల్లలే. నార్వే వాడైన క్నుట్ నిస్టెట్ 1988లో చేసిన ఒక పాట పాడారు. పాట అసలుది బాఖ్‌ది, మరణాన్ని రమ్మని పిలిచే చిన్న భక్తి పాట. ముందు అందరూ మామూలుగా పాడారు. తర్వాత అదే పాటను మళ్ళీ మొదలుపెట్టి, ఒక్కో గుంపు ఒక్కో వేగంతో లాగింది. కొందరు ముందు పోతున్నారు, కొందరు నెమ్మదిగా వస్తున్నారు. ఒకరి స్వరం ఇంకొకరి స్వరానికి తగిలి అంతా కలగాపులగం అయిపోతుంది, చెవికి నొప్పి కూడా కలుగుతుంది. కానీ వరుస చివర ముందు పోయినవాళ్ళు ఆగుతారు. అందరూ వచ్చేదాకా ఆ స్వరం మీదే నిలబడి ఉంటారు. చివరివాళ్ళు వచ్చి చేరగానే అంతా ఒక్కటైపోతుంది. రాతి గోడలు ఆ శబ్దాన్ని వెంటనే వదలవు. నోళ్ళు మూసుకున్నాక కూడా కొన్ని క్షణాలు పాట పైన తిరుగుతూనే ఉంది.

మేము టీచర్లం, తరగతి గుర్తు రాకుండా ఎట్లా ఉంటుంది? నలభై మంది పిల్లలు, నలభై వేగాలు. ఇంట్లో గోండి, బజారులో మరాఠీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిషు. ముందు పోయినవాడిని ఆగమని చెప్పే ఓపిక మన సిలబస్‌కు లేదు.

ఆ రోజు అన్నిటికంటే మమ్మల్ని పట్టుకున్నది చిన్న పాటే. మన హాస్టల్ పిల్లలు కూడా దాన్ని విన్నారు, కాకపోతే అదేమిటో తెలీకుండా విన్నారు. 'ఫ్రోజెన్' అనే బొమ్మల సినిమా మొదట్లో ఆడవాళ్ళు మాటలు లేకుండా పాడే పాట ఉంటుంది చూడండి, అది. కట్టినాయన పేరు ఫ్రోడె ఫ్యెల్‌హైమ్, సామీ జాతి మనిషి. సినిమాలో పాడినవాళ్ళు కూడా ఈ ట్రాండ్‌హైమ్ ఊరి ఆడవాళ్ళ బృందమే. సామీలు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా ఉత్తరాన ఉండే ఆదివాసులు. వాళ్ళ పాటను యోయిక్ అంటారు, ఈ దక్షిణం వైపు సామీ భాషలో వుయెలీ. యోయిక్ ఒక మనిషి గురించో తోడేలు గురించో పాడే పాట కాదని వాళ్ళు చెప్తారు. ఆ మనిషినే, ఆ తోడేలునే పాడతారట. ఆ సాయంత్రం యోయిక్ వరుస కింద నుంచి నడుస్తుంటే, దాని మీద పాత క్రైస్తవ కీర్తన ఒకటి మెల్లగా వచ్చి కలిసింది. బాకాలు మొత్తం ఊరుకున్నాయి.

మా పక్కన కూర్చున్న సామీ టీచరమ్మ ఆ పాట అంతసేపూ తల దించుకొనే ఉంది. మాకంటే పది పన్నెండేండ్లు పెద్ద. మేము అక్క అనే పిలిచాం, అర్థం చెప్తే సంతోషపడింది. కచేరీ అయ్యాక నది గట్టున నడుస్తూ, పాట బాగుందా అక్కా అని అడిగాం. బాగుంది అంది. కాసేపటికి, "మా డప్పులను పట్టుకుపోయిన మనిషి ఈ ఊరివాడే" అంది.

ఆ మనిషి థామస్ వాన్ వెస్టెన్. ఈ ఊళ్ళోనే పుట్టి, 1727లో చనిపోయాడు. సామీల మధ్య మత ప్రచారం నడిపించింది ఆయనే. సామీ పూజారుల చేతిలో గుండ్రటి తోలు డప్పు ఉండేది, దాని మీద సూర్యుడు, జింకలు, దేవతల బొమ్మలు గీసి ఉండేవి. ఆయన పదుల కొద్దీ డప్పులు పోగుచేయించి కోపెన్‌హేగెన్‌కు పంపాడు. 1728లో ఆ నగరం తగలబడినప్పుడు వాటిలో చాలా భాగం బూడిదైంది. ఇంకో సంగతి కూడా అక్క దాచలేదు. ప్రచారం సామీ భాషలోనే జరగాలని, వెళ్ళేవాళ్ళకు ఆ భాష నేర్పాలని పట్టుబట్టింది కూడా ఆ వాన్ వెస్టెనే. భాషను పట్టుకున్న చేత్తోనే డప్పును లాక్కున్నాడు. ఇలాంటి మనుషులను మంచివాళ్ళనీ చెడ్డవాళ్ళనీ ఒక్క మాటలో తేల్చేయడం మాకు చేతకాదు.

డప్పుల కాలం పోయాక బడి కాలం వచ్చింది. 1898లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం సామీ పిల్లల బడిలో నార్వే భాషే నడవాలి, తప్పనిసరైతే తప్ప సామీ మాట రాకూడదు. 1902లో ఫిన్‌మార్క్ అనే ఉత్తర జిల్లాకు ఒక చట్టం తెచ్చారు. ప్రభుత్వ భూమి కొనాలంటే నార్వే భాష మాట్లాడడం, చదవడం, రాయడం వచ్చి ఉండాలి. భాష పోతే భూమి, భూమి పోతే భాష. దీన్ని మన యువకులకు విడమరచి చెప్పనక్కరలేదు. 1901లోనే బెర్గెన్ పట్నంలో మోలెన్‌ప్రిస్ అనే బడిలో పిల్లల బాకా బృందం పెట్టారు, ఆ దేశంలో బడి బ్యాండులకు అది మొదలు. ఈ రోజుకు కూడా మే 17న వాళ్ళ జాతీయ పండుగ నాడు బడి పిల్లలు బాకాలు ఊదుతూ వీధుల్లో నడుస్తారు. ఆ సాయంత్రం వసారాలో నిలబడి ఊదినవాళ్ళలో చాలామంది బాకా పట్టింది అలాంటి బడి బ్యాండులోనేనని తర్వాత తెలిసింది. అంటే ఒకే దేశంలో, ఇంచుమించు ఒకే కాలంలో, బడి ఒక పిల్లవాడి చేతికి బాకా ఇచ్చింది, ఇంకో పిల్లవాడి నోట్లో పాట ఆపింది. యోయిక్ పాడితే పాపం అన్నారు. కొన్ని సామీ ప్రాంతాల్లో గత శతాబ్దం మధ్య దాకా బడి ఆవరణలో దాన్ని పాడనివ్వలేదు. అక్క వాళ్ళ అవ్వ హాస్టల్‌లో చదివింది. ఇంటికి వచ్చాక కూడా యోయిక్ పాడేది కాదట. పశువుల దగ్గర ఎవరూ లేనప్పుడు మాత్రం గొంతు వినబడేదట.

మాకు ఇది కొత్త కథగా అనిపించలేదు. మాలో ఒకరు చదివిన హాస్టల్‌లో గోండి మాట్లాడితే మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. ఆ హాస్టల్ పేరు ఇక్కడ అక్కరలేదు, అలాంటివి చాలా ఉండేవి.

అదే ట్రాండ్‌హైమ్‌లో డెలిగేట్ల కథ ఇంకోటి ఉంది. 1917 ఫిబ్రవరి 6న సామీల మొదటి పెద్ద సభ ఆ ఊళ్ళో జరిగింది. వంద మందికి పైగా వచ్చారు. ఈ కెథడ్రల్‌లో కాదు, మెథడిస్టుల చర్చిలో. సభను నిలబెట్టిన మనిషి ఎల్సా లౌలా రెన్‌బర్గ్ అనే సామీ ఆడమనిషి, మంత్రసాని పని నేర్చుకున్నది. 1904లోనే తన జాతి బతకాలా చావాలా అని అడుగుతూ చిన్న పుస్తకం వేసింది, మనం ఇప్పుడు వేసుకుంటున్న ఇలాంటి పుస్తకమే. ఆ ఫిబ్రవరి 6 ఇప్పుడు సామీల జాతీయ దినం. 1989లో వాళ్ళకు సొంత పార్లమెంటు వచ్చింది. 1997లో రాజు, 2024 నవంబరులో నార్వే పార్లమెంటు క్షమాపణ చెప్పారు. దక్షిణ సామీ మాట్లాడేవాళ్ళు కొన్ని వందల మందే, అయినా వాళ్ళ పట్నాల్లో బోర్డుల మీద ఆ భాష కనిపిస్తుంది. 2011 లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవాళ్ళం 29 లక్షలు దాటాం. ఎనిమిదో షెడ్యూలులో మన భాష లేదు.

కచేరీ కాగితంలో ఆ సామీ పాటకు ఎదురుగా కట్టినాయన పేరు, జాతి, భాష పేరు అచ్చు వేశారు, గాబ్రియేలీకి, నిస్టెట్‌కు వేసినంత అక్షరాల్లోనే. మాకు అది తృప్తినిచ్చింది. అక్కకు పూర్తిగా ఇవ్వలేదు. "తొమ్మిది పాటల్లో ఒకటి" అంది. "మా పిల్లలకు అది కచేరీలో వినే పాట కాకూడదు, పశువుల దగ్గర పాడుకునేది కావాలి." కొంచెం ఆగి, "మీ బడిలో మీ బాకాలు ఉన్నాయా?" అని అడిగింది.

గోండు బడి అంటే మార్లవాయి గుర్తొస్తుంది. హైమండార్ఫ్ దొర 1943లో అక్కడ గోండు యువకులకు టీచరు శిక్షణ మొదలుపెట్టించాడు. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వేశారు. గోండు టీచరు గోండు పిల్లవాడికి గోండిలో మొదలుపెట్టి చెప్పాలన్నది అప్పటి ఆలోచన. మా ఇద్దరి తాతల తరంలో కొందరు ఆ చదువుతోనే అక్షరం పట్టారు. ఆ ఊరి కనకరాజు గారికే గుస్సాడీకి గాను 2021లో పద్మశ్రీ వచ్చింది. బిరుదు ఢిల్లీలో ఇచ్చారు, ఫొటో మన బడి గోడల మీద ఉంది. మరి తుడుం ఎక్కడుంది? గేటు దగ్గర స్వాగతానికి.

తిరిగొచ్చాక మేము పనిచేసే బడిలో పిల్లల తల్లిదండ్రులతో, పటేళ్ళతో కూర్చున్నాం. దండారీ టోపీ దండారీకి తప్ప బయటికి తీయవద్దని పెద్దలే అన్నారు, మాకు కావలసింది కూడా అదే. స్వాగతాలకు కావాలంటే పిల్లలు పాట పాడతారు, నీడలో, కుర్చీల్లో కూర్చొని, సార్లు వచ్చి కూర్చున్న తర్వాత. పాట పేరు, గూడెం పేరు ముందు చెప్పాలి. ఒకసారి అట్లా చేశాం. వచ్చిన ఆఫీసరు మొదట ఇబ్బంది పడ్డా, చివరిదాకా విన్నారు.

శనివారం ఆఖరి పీరియడ్‌కు ఒక పర్ధాన్ తాతను పిలుస్తున్నాం. గోండుల కథలు, పాటలు కాపాడుతున్నది పర్ధాన్లే కదా, వాళ్ళను ఊరికే రమ్మనడం న్యాయం కాదు. ఆయనకు ఇవ్వాల్సిన డబ్బు ఏ పద్దులో రాయాలో తెలీక పై ఆఫీసుకు కాగితం పెట్టాం, జవాబు ఇంకా రాలేదు. అప్పటిదాకా టీచర్లం తలా ఇంత వేసుకుంటున్నాం. తాత డోలు అందరికీ ఇస్తాడు. కాలికోమ్ మాత్రం అందరికీ ఇవ్వడు. ముందు ఉత్త పెదవులు వణికించి చూపించాలి, తర్వాతే చేతికి. ఐదో తరగతి పిల్లలు వరుసగా నిలబడి బుర్రుబుర్రుమంటుంటే పక్క తరగతి సార్లు తిట్టుకుంటున్నారు. నాలుగు వారాలకు ఒక్క పిల్లవాడికి మాత్రం నిజంగా స్వరం పలికింది. తాత ఏమీ అనలేదు. వాడి చేతిలోంచి కాలికోమ్ తీసుకొని, తుడిచి, మళ్ళీ వాడికే ఇచ్చాడు.